ఎడమ రెక్క

దుబాయ్‌లో, జెబెల్ అలీలోని మా ఆఫీసులో నా పని కంప్యూటర్ మీద రెక్కలు తిప్పడం. పెద్ద పెద్ద కూలింగ్ టవర్ల పైన తిరిగే ఫ్యాన్ల రెక్కలు. అవి ఫైబర్‌వి, వంగుతాయి. గాలి రెక్కను వంచుతుంది, వంగిన రెక్క గాలి దారి మారుస్తుంది, మారిన గాలి మళ్లీ రెక్కను ఇంకోలా వంచుతుంది. ఈ రెంటి తగువు తీర్చడానికి నా కంప్యూటర్‌కు ఒక్కోసారి రెండు రోజులు పట్టేది.

ఆ రెక్కల్ని నిజంగా ముట్టుకునేది మాత్రం మా ఫిట్టరు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద, సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉండేవాడు. టవరెక్కి చూసి, వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపేవాడు. "మూడో నంబర్ రెక్క ఎక్కువ ఊగుతాంది సార్." నేను లెక్క కట్టి చూస్తే మూడోదే. ముదీర్‌కు, అంటే మా అరబ్బు మేనేజరుకు, ఏం చెప్పాలన్నా, సెలవు కావాలన్నా నా ద్వారానే. నాది కాకినాడ. నా మాట వింటే ఆయనకు నవ్వు. "మీరు మాట్లాడితే వార్తలు సదివినట్టే ఉంటది సార్" అనేవాడు. ఆయన మాటలు సగం అర్థం కాకపోయినా అయినట్టే తలూపేవాణ్ని. తెలుగులో నాకు తెలియనిదేముంటుందని పొగరు.

కరోనా సర్దుమణిగాక వచ్చిన ఆగస్టులో, ఒక పొద్దున ఆయన మెసేజ్ వచ్చింది.

"సార్, ఎడమ రెక్క గుంజుతాంది. పొద్దటిసంది."

నేనప్పుడు మోడల్‌తోనే కుస్తీ పడుతున్నాను. గుంజడమంటే లాగడం కదా, ఫ్యాన్ రెక్క మొదలు దగ్గర లాగుడు పెరిగిందన్నమాట అనుకున్నాను. సంతోషించాను కూడా, నాకూ అదే అనుమానం ఉంది మరి. వెంటనే రికార్డు చేసి పంపాను. "కంగారేం లేదన్నా. మధ్యాహ్నం దాకా చూద్దాం. ఎక్కువైతే ఆపేద్దాం."

"సరే సార్" అని వచ్చింది.

గుండ్రంగా తిరిగే ఫ్యాన్‌కు కుడేమిటి, ఎడమేమిటి? మా రెక్కలకు నంబర్లే ఉంటాయి. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఒక్క క్షణం ఆగి ఉంటే నాకూ తట్టేది. ఆగలేదు.

పదకొండు దాటాక టవర్ మెట్ల దగ్గర కూలిపోయాడు. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి అంతా అయిపోయింది. గుండె అన్నారు. ఆయన గదిలోనే ఉంటూ ఆయనతోనే పనిచేసే వాళ్ల ఊరివాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తన ఎడమ చేతిని భుజం నుంచి మోచేతి దాకా నిమురుకుంటూ చెప్పాడు.

"లేచినప్పటిసంది రెక్క గుంజుతాందన్నడు సార్. దవాఖానకు పోదాం పా అన్న. సార్‌కు చెప్పిన, మధ్యాహ్నం దాక చూద్దామన్నడు అన్నడు. సారు సదువుకున్నోడు, ఊకనే అంటడా అన్నడు."

ఆయనన్నది ఫ్యాన్ రెక్క గురించనుకున్నానని ఇప్పటికీ అతనికి చెప్పలేదు. రెక్కల కష్టం అని నేనే వందసార్లు అని ఉంటాను. అందులో రెక్కలంటే చేతులని చిన్నపిల్లలకైనా తెలుసు.

ఆ రోజు నడుస్తూ ఉండగా వదిలేసి వెళ్లిన లెక్క మర్నాటికి తేలింది. రెక్కలన్నీ భద్రంగానే ఉన్నాయని వచ్చింది. ముదీర్ చూసి "ఖలాస్" అన్నాడు, ఇక ఫైలు మూసేయొచ్చని. నేను బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.