జపాల పుస్తకం వెతికిపెట్టిన బాబాయ్

పాత పుస్తకాల బాబాయ్ పోయారని ఆయన కొట్టు పక్కన టీ అమ్మే ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్నే లేచి, గుండెల్లో పట్టేసినట్టుందని మంచం మీద కూర్చున్నారట. ఆటో వచ్చేలోపే అయిపోయింది. నేనప్పుడు బడిలో హాజరు పిలుస్తున్నాను. ఎవరి పేరు దగ్గర ఆగానో మర్చిపోయి మళ్ళీ మొదటినుంచి పిలిచాను.

ఆయన మాకు చుట్టం కాదు. పాత పోస్టాఫీసు దగ్గర గోడకు ఆనించి వేసిన రేకుల కొట్టులో పాత పుస్తకాలు అమ్మేవారు. జాలరి కుటుంబం. వయసులో ఉండగా వేటకెళ్ళేవారు. ఎడమ చెయ్యి విరిగి సరిగ్గా అతకకపోవడంతో వల లాగలేక ఈ పనిలోకి వచ్చారు. చదివింది ఐదో తరగతి. ఏ పుస్తకం చేతికిచ్చినా ముందు మోకాలి మీద తట్టి దుమ్ము దులిపేవారు, తర్వాతే తెరిచేవారు. పుస్తకాల కట్ట మీద ఎవరైనా కూర్చోబోతే మాట్లాడకుండా లేచి తన స్టూలు ఇచ్చేసేవారు.

మా పరిచయం అమ్మ వల్ల. మేం కథోలికులం. ఆరేళ్ళ కిందట అమ్మకు పక్షవాతం వచ్చింది. మెల్లగా మాట తిరిగొచ్చింది గానీ జపాలు తిరిగి రాలేదు. చిన్నప్పటినుంచీ రోజుకు మూడుసార్లు చెప్పుకున్న త్రికాల జపం సగంలో తెగిపోయేది. తర్వాతి మాట కోసం నా ముఖంలోకి చూసేది. నాకూ తెలిసేది కాదు. మా తరం నేర్చుకున్నవి కొత్త మాటలు. అమ్మ పాత పుస్తకమేమో, ఇల్లు మారేటప్పుడు పెట్టె తీస్తే, చెదలు తినేసి ఉంది. మా గుడి, అంటే చర్చి, దగ్గర కొత్తది కొనిచ్చాను. పరలోకంలో ఉన్న పుణ్యాత్ములను తను 'అర్చ్యశిష్టులు' అనే చోట అందులో 'పునీతులు' అని ఉంది. నాలుగు పంక్తులు చదివి మూసేసింది.

"ఇదీ మంచిదేనే. గాని నాది కాదు" అంది.

గుళ్ళో అడిగాను. మఠంలో కన్యస్త్రీలను అడిగాను. ఒకప్పుడు పల్లెల్లో జపాలు నేర్పిన ఉపదేశి ఒకాయన తగరపువలసలో ఉన్నాడంటే అక్కడిదాకా వెళ్ళాను. అందరి దగ్గరా ఒకప్పుడు ఆ పుస్తకం ఉండేదట. ఎవరో చెబితే చివరికి బాబాయ్ కొట్టుకు వచ్చాను. అట్ట ఏ రంగు, ఎంత మందం, మొదటి జపం ఏది అని అన్నీ అడిగి క్యాలెండరు వెనక రాసుకున్నారు. నాలుగు నెలలపాటు బడి నుంచి వస్తూ అక్కడ దిగేదాన్ని. ఓసారి తమిళ జపాల పుస్తకం తీసి ఉంచారు, ఇంకోసారి సగం చిరిగిన పాటల పుస్తకం. నా ముఖం చూసి, "పుస్తకానికి తొందరుండదమ్మా. దాని మనిషొచ్చీదాకా ఉంటాది" అనేవారు.

ఒకరోజు ఆయనే ఫోన్ చేశారు. పరుగున వెళ్ళాను. గాజువాకలో ఒక ఇంటి నుంచి పాత పేపర్ల మూటలో వచ్చిందట. నల్ల అట్ట, ఎర్ర అంచు, అచ్చం అమ్మదే. ఆఖరి ఖాళీ పేజీల్లో మాత్రం రకరకాల సిరాలతో ఆ ఇంట్లో చనిపోయిన వాళ్ళ పేర్లు, తేదీలు రాసి ఉన్నాయి. నేను సంచీలో పెట్టుకోబోతుంటే ఆయన మెల్లగా నా చేతిలోంచి తీసుకున్నారు.

"ఇది పారేసింది కాదమ్మా, జారిపోయింది. ముందు ఆళ్ళని అడగాల."

మా అమ్మ ఎదురుచూస్తోందన్నాను. నా గొంతు కటువుగానే ఉండి ఉంటుంది.

"తెలుసు. ఆళ్ళింట్లో ఎవులు ఎతుకుతన్నారో అది తెలీదు గదా."

సిటీ బస్సులో ఇద్దరం గాజువాక వెళ్ళాం. తలుపు తీసింది స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. కోడలు తెలియక పేపర్లతో కలిపి ఇచ్చేసిందట. పుస్తకాన్ని చూడగానే ఆయన అక్కడే గడప మీద కూర్చుండిపోయారు. ఆఖరున రాసిన పేరు ఆయన భార్యది. పేజీలను ఫోన్‌లో ఫొటోలు తీసుకోనిచ్చారు గానీ పుస్తకం గడప దాటనివ్వనన్నారు. తిరుగు బస్సులో నేను బాబాయ్ పక్కన కూర్చోలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఫొటోలు ప్రింటు తీయిస్తే పనికిరాలేదు. అచ్చు అరిగి అక్షరాలు సగం సగమే పడ్డాయి. అమ్మ భూతద్దం పెట్టుకున్నా చదవలేకపోయింది. ఆ మాట బాబాయ్‌కి చెప్పి, కొట్టుకు వెళ్ళడం మానేశాను.

రెండు నెలల తర్వాత ఆయనే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. చేతిలో లాంగ్ నోట్‌బుక్. ప్రతి ఆదివారం షేర్ ఆటోలో గాజువాక వెళ్ళారట. అచ్చు చెరిగిన చోట పెద్దాయనకు నోటికి వచ్చు. ఆయన చెబుతుంటే బాబాయ్ రాశారు. అమ్మకు కనబడాలని ఒక్కో అక్షరం వేలిగోరంత.

"ఆ అర్చ్యశిష్ట ఒక్కటీ రాయడానికి ఓ ఆదివారం పట్టిందమ్మా. ఒత్తు కింద ఒత్తు" అన్నారు.

మీ దేవుడు కాదు కదా బాబాయ్, ఇంత కష్టం దేనికి అన్నాను. ఏమనాలో తెలియక అన్న మాట అది.

"మాయమ్మ ఏటకెల్లే పెతీ పడవకీ దణ్ణమెట్టీది. ఎవుల పడవని అడిగీది కాదు."

ఆ సాయంత్రం అమ్మ త్రికాల జపం మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. ఒక్కసారి కూడా నా ముఖంలోకి చూడలేదు.

బాబాయ్ పోయిన రోజు ఇంటికొచ్చి ఆ కబురు చెబితే, అమ్మ నోట్‌బుక్ తెమ్మని, మృతుల కోసం జపం ఉన్న పేజీ తీయమంది. మన మతం కాదు కదమ్మా అన్నాను. ఎందుకన్నానో.

"ఆయన సేత్తో రాసిన జపం ఆయనకి సెల్లదేటే?" అని మొదలుపెట్టింది.

పదో రోజు దాటాక కొట్టు వైపు వెళ్ళాను. అంతకు ముందు రెండు రోజులూ వాన. రేకుల సందుల్లోంచి నీళ్ళు కారి పుస్తకాలు తడిశాయి. ఆయన భార్య వాటిని కాలిబాట మీద ఎండలో పరిచి, అతుక్కున్న పేజీలను చీపురు పుల్లతో ఒక్కొక్కటీ విడదీస్తోంది. నేనెవరో చెప్పాను. గుర్తుపట్టి తల ఊపింది.

"నాకు సదువు రాదమ్మా. ఏది దేవుడి పుస్తకమో, ఏది కాదో తెలీదు. అన్నీ ఒక్కలాగే ఆరబెడతన్నాను" అంది.

పక్కన కూర్చుని నేనూ ఒక పుల్ల తీసుకున్నాను. రేవు వైపు నుంచి గాలి వచ్చి కాలిబాట మీద పుస్తకాలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆవిడ తన ముందున్న పుస్తకం మీద అరచెయ్యి ఆనించి, గాలి తగ్గేదాకా అలాగే ఉంచింది.