మాట లేని రికార్డులు

అమ్మమ్మ మాట్లాడటం మానేసింది తాతయ్య పోయాక కాదు. మైకు చేతికి వచ్చిన రోజే మానేసింది. పక్షుల పరిశోధన కేంద్రంలో ఆవిడది కూతలు రికార్డు చేసే ఉద్యోగం. తాతయ్యది అక్కడే జీపు నడిపే ఉద్యోగం. కూతలకి ఆవిడ, కోతలకి ఆయన అని ఆఫీసులో అందరూ అనుకునేవారు. ఆవిడ మడుగు గట్టున కొంగలా కదలకుండా నిలబడితే, ఆయన జీపు చాటున హాయిగా నిలబడి ఆవిడ మైకుకి వినిపించేలా నాలుగు ముక్కలు చెప్పేవాడు. తేదీ, చోటు, ఆకాశం, గాలి. బురదలో కాగితం నిలవదు, ఆవిడ చేతులు ఖాళీగా ఉండవు, ఆ పాత టేపు యంత్రానికి గడియారం లేదు. అందుకని ప్రతి రికార్డుకీ ముందు ఆయన గొంతే ఆనవాలు.

రిటైరయ్యాక కేంద్రం ఆ యంత్రాన్ని వాళ్లకే వదిలేసింది. ఇద్దరూ స్కూటరు మీద వెళ్లి అదే పని చేశారు. స్కూటరు చాటు మనిషికి చాలదు కనుక తాతయ్య అమ్మమ్మ చాటున నిలబడటం మొదలుపెట్టాడు.

ఆయన పోయిన కొన్నేళ్లకి కేంద్రం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. సంచులకొద్దీ ఉన్న క్యాసెట్లన్నీ అప్పటికే కంప్యూటర్లోకి ఎక్కించేశారు. ఆ అమ్మాయి భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టి, గళ్లగళ్ల పట్టిక ఒకటి తెరిచింది.

"ఇవి ఇలాగే ఉంచితే మీకూ నాకూ తప్ప ఎవరికీ పనికిరావమ్మా. రేపు ఇంకెక్కడో ఎవరో విని వాడుకోవాలంటే ప్రతి దాని పక్కనా వివరం ఉండాలి. ఎప్పుడు, ఎక్కడ, గాలి ఎలా ఉంది, ఏ పక్షి."

"అవన్నీ ఆయన చెప్పాడుగా."

"చెప్పారు. మీరు విని ఈ గళ్లలో నింపాలి."

మర్నాటి నుంచి అమ్మమ్మ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది. ఇంట్లోవాళ్లు పిలిచినా పలకదు, పోయినాయనతో మాత్రం గొడవ పడుతుంది.

"గాలి లేదంట. నా జుట్టు నా కళ్లలో పడుతుంటే ఈయనకి గాలి లేదంట."

నిజానికి ఏ రికార్డు చూసినా తాతయ్య చెప్పింది ఒకటే. మబ్బు పట్టింది, గాలి లేదు. ఎండ కాస్తోంది, గాలి లేదు. చాటున నిలబడ్డవాడికి గాలి ఎక్కడ తగులుతుంది? ఒకసారైతే, "గాలి లేదు, మైకు పట్టుకున్నావిడ మాత్రం బుసలు కొడుతోంది" అన్నాడు. అమ్మమ్మ దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ విని, గాలి గడిలో "బాగా ఉంది" అని రాసింది. పట్టిక పైన ఒక హెచ్చరిక కూడా పెట్టింది: గొంతులో వినిపించే తేదీ, చోటు నమ్మవచ్చు, గాలి సంగతి నమ్మవద్దు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన మీద ఆవిడ గెలిచిన వాదన అదొక్కటే, అదీ ఎదురు చెప్పడానికి ఆయన లేనప్పుడు.

పని సాగుతూ సాగుతూ చివరి సంచి దగ్గరికి వచ్చింది. అక్కడ అమ్మమ్మ చేతులు ఆగిపోయాయి.

ఆ సంచిలోవి తాతయ్య పోయాక ఆవిడ ఒక్కతే బస్సెక్కి ఆ పాత మడుగుకే వెళ్లి చేసినవి. ప్రతి దానిలోనూ ముందు కాసేపు ఎవరి మాటా ఉండదు. ఆ మాటల చోటు అలాగే ఖాళీగా ఉంటుంది, తర్వాత నీటికోళ్లు మొదలుపెడతాయి. ఆవిడ యంత్రం మీట నొక్కి, ఆయన చెప్పడానికి పట్టేంతసేపు అలవాటు కొద్దీ ఆగి, అప్పుడు మైకు పైకెత్తేది. తేదీ చెప్పాలని తెలియక కాదు. ఆ మాటలు తనే అనేస్తే మనిషి నిజంగా పోయినట్టేనని అనుకుందేమో. ఒక్కదాని మీదా తేదీ లేదు. సంచిలో క్యాసెట్లు ముందూ వెనకా కలిసిపోయాయి. పైగా ఆ మడుగు ఇప్పుడు లేదు. పూడ్చేసి గోదాములు కట్టారు. దాని చివరి కూతలు ఆ సంచిలోనివే.

అమ్మమ్మ ప్రతి చప్పుడునూ జల్లెడ పట్టింది. ఒకదానిలో ఉరుము, ఒకదానిలో తన తుమ్ము. తుమ్ముని బట్టి నెల ఎవరు చెప్పగలరు?

ఈ అవస్థ చూడలేక పెద్దకూతురు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఏదో ఒక తేదీ వేసేయవే అమ్మా. కాస్త అటూ ఇటూ అయితే నీటికోళ్లు వచ్చి నిన్ను నిలదీస్తాయా?"

"అవి రావే. అది నమ్మి ఎవడో లెక్క కడతాడు."

"వాడెవడో నీకేమవుతాడు?"

"ఏమీ కాడు. అందుకే మోసం చేయకూడదు. మీ నాన్నని ఎన్ని అబద్ధాలైనా ఆడనిచ్చాను, తేదీ దగ్గర మాత్రం ఆయన కూడా ఆడలేదు."

కూతురు తల్లి గ్లాసులో నీళ్లు నింపి లేచి వెళ్లిపోయింది.

కేంద్రం అమ్మాయి మళ్లీ వచ్చినప్పుడు చివరి సంచి తేదీల గళ్లన్నీ ఖాళీగా కనిపించాయి.

"తేదీ లేకపోతే వీటిని మిగతా వాటిలో కలపలేమమ్మా. వేరుగా పెడతాం. చెరపం. కానీ ఎవరూ వాడుకోరేమో."

"తెలుసమ్మా. ఆ మడుగు గొంతు నా చేతుల్లోనే పోయింది. నాలుగు ముక్కలు మాట్లాడలేకపోయాను."

ఆ అమ్మాయి హెడ్‌ఫోన్ల తీగ వేలికి చుట్టుకుంటూ, "ఎందుకలా ఉన్నాయో ఒక మాట రాయండి. విన్నవాళ్లు యంత్రం చెడిపోయిందనుకోకుండా" అంది.

అమ్మమ్మ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ఎవరూ సాయం పట్టబోలేదు, పడితే కసురుతుందని అందరికీ తెలుసు. రాసి, ఒకసారి చదువుకుని, ఒక మాట తీసేసి మళ్లీ అదే మాట పెట్టింది. ఆ పట్టిక చివర అది ఇప్పటికీ అలాగే ఉంది:

"ఈ సంచిలోని రికార్డుల మొదట మాట వినిపించదు. యంత్రం మంచిదే. చెప్పే మనిషి లేడు. చోటు, మడుగు తూర్పు గట్టు. తేదీ తెలియదు, ఊహించి రాయలేదు. గాలి ఉంది. అన్నిటిలోనూ ఉంది."