పుస్తకానికి కాలు తగిలిన రోజు

ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఒక అంతర్జాతీయ సంస్థ ప్రధాన కార్యాలయంలో కళాఖండాలను ఉచితంగా చూడొచ్చు, కానీ పాస్‌పోర్ట్ వివరాలు ముందుగానే పంపాలి. ఇద్దరివీ నా రూమ్మేటే పంపింది. హైదరాబాద్ అమ్మాయి, మెహదీపట్నం. పక్క ఊరు డార్మ్‌స్టాట్‌లో మేం చదివింది ఒకే కోర్సు. తనకు బొమ్మలంటే ప్రాణం. నాకు ఉచితం అంటే ప్రాణం కాబట్టి వెంట వెళ్లాను.

నిజానికి ఆ వారం నేను గడప దాటకుండా ఉండాల్సింది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చిన వీసా గడువు అయిపోవస్తోంది. చివరి నిమిషంలో ఆఫర్ లెటర్ చేతికొచ్చింది. ఉద్యోగం మీద ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డ్ కోసం వీసా ఆఫీసులో మంగళవారానికి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది. అది అయ్యేదాకా రైల్లో టికెట్లు చూసేవాళ్లు ఎదురైనా నాకు గుండె దడే, జేబులో టికెట్ ఉన్నా సరే.

గేటు దగ్గర నన్నూ నా పాస్‌పోర్ట్ ఫోటోనూ మార్చి మార్చి చూసి, మెడలో బ్యాడ్జీ వేసి లోపలికి పంపారు. గైడ్ ఒక పెద్దావిడ, మెత్తగా మాట్లాడుతుంది. సమావేశాల హాలు, ఒక దేశం ఇచ్చిన తివాచీ, ఇంకో దేశం ఇచ్చిన శిల్పం అన్నీ ఓపికగా చూపించింది. నేను మాత్రం పైనున్న కెమెరాలను చూస్తూ నడిచాను.

మూడో అంతస్తులో పాత పుస్తకాలను తెరిచి నేలమీద వరుసలుగా పరిచారు. అదీ కళాఖండమేనట. చుట్టూ తాడైనా లేదు. ఎవరికో దారి ఇవ్వబోయి వెనక్కి జరిగితే నా మడమ ఒక పుస్తకానికి తగిలింది. ఎవరూ గమనించినట్టు లేదు. ఊరుకుంటే అక్కడితో సరిపోయేది. కానీ పుస్తకానికి కాలు తగిలితే ఏం చేయాలో మన ఒంటికి తెలుసు, అది మనల్ని అడగదు. గబుక్కున వంగి పేజీని తాకి, వేళ్లు కళ్లకద్దుకున్నాను. లేస్తుంటే బ్యాడ్జీ క్లిప్పు ఆ పేజీకి పట్టుకుంది. పర్రుమని చిరిగింది.

గార్డు ఒక ఫారం పట్టుకొచ్చి పేరు, అడ్రసు, పాస్‌పోర్ట్ నంబరు రాసుకున్నాడు. మంగళవారం నాకంటే ముందే ఆ ఫారం వీసా ఆఫీసుకు చేరుతుందని, అక్కడెవరో అది చూసి నా ఫైలు మూసేస్తారని ఖాయమైపోయింది నాకు. ఏం జరిగిందని అడిగాడు. పుస్తకానికి దణ్ణం పెట్టానంటే నమ్మేదెవరు? నేల తడిగా ఉందని, కాలు జారిందని చెప్పాను. పరీక్షల్లో రాని చక్కటి జర్మన్ ఆ అబద్ధానికి మాత్రం తడుముకోకుండా వచ్చింది.

అతను ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి నేల తుడిచే ఆవిడ బకెట్ల బండి తోసుకుంటూ వచ్చింది. మా అమ్మ వయసుంటుంది. ఆవిడకూ జర్మన్ అంతంతమాత్రమే. పొద్దున్నే తుడిచానని, ఎప్పుడో ఆరిపోయిందని చేతులతో చెప్పుకుంటోంది. గార్డు విన్నాడు, ఆవిడ పేరు కూడా ఫారంలో రాశాడు. ఆవిడ నా వైపు చూసింది. కోపంగా కాదు, నేనేమైనా చెబుతానేమోనని. సంతకం పెట్టమంటే పెట్టాను.

మంగళవారం పని పది నిమిషాల్లో అయిపోయింది. ఫారం ఊసే ఎవరూ ఎత్తలేదు. ఇంటికొచ్చి, అనవసరంగా భయపడి చచ్చానని రూమ్మేట్‌తో నవ్వుతూ చెప్పాను. తను నవ్వలేదు.

"నువ్వు జారలే. వంగి మొక్కినవ్, నేను చూసిన," అంది. "నా కాలు తగిలినా గట్లనే జేస్తుంటి. కానీ జారిన అని చెప్పకపోతుంటి."

"మస్తు భయమైందే," అన్నాను.

"ఆమెకు గాలేదా? ఆమెను ఉంచిన్రో తీసేసిన్రో ఎవరికెరుక?"

కనుక్కుందామని ఆ సంస్థకు మెయిల్ రాయడానికి కూర్చున్నాను. ఎవరి గురించి అని రాయను? ఆ ఫారంలో ఆవిడ పేరు నా సంతకానికి సరిగ్గా పైనే ఉంది. నేను చదవలేదు.