మేస్త్రి కట్టిన ఛుట్టీ

గల్ఫ్‌లోని సబ్హాన్‌లో మా గదిలో ఒక మేస్త్రి ఉండేవాడు. మన దగ్గర అసెంబ్లీ ఎన్నికలు వస్తే మేము వంట వంతులు పందెం కాసేవాళ్లం; ఓడినవాడు గెలిచినవాడి వంతు కూడా వండాలి. ఏ పార్టీ మీద ఎక్కువ వంతులు పడితే అదే గెలుస్తుందని ఆయన లెక్క. "మనిషి అబద్ధమాడుతడు, పందెం ఆడదు" అని వేలు ఊపేవాడు.

ఒకసారి తన వంతులన్నీ ఒక పార్టీ మీదే పెట్టాడు. పందెంలో దాని బలం పెరిగిందని మురిసి, ఊరికి పోను రెండేళ్లకోసారి వచ్చే సెలవు, ఛుట్టీ కూడా పెట్టాడు. ఎదురు పందెం నాది.

"పెంచింది నువ్వే గదరా" అన్నాను.

"సదువు రానోనివి, నీకేం తెలుస్తది కాకా."

ఆ పార్టీ ఓడింది. ఆయన ఛుట్టీలో నేను ఊరికి పోయి, ఆయన ఇంటికి వెళ్లి భార్యకు సంగతి చెప్పాను.

"నన్నడిగితే ఫోన్లనే చెప్తుంటి. మా వాడకట్టంత అవతలి పార్టీ గుర్తుకే గుద్దినం" అన్నది.