దగ్గరి వందకు

పెనుకొండ హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. నాకు కోపం ఎక్కువని పిల్లలు చెప్పుకుంటారు, అబద్ధం కాదు. లెక్క రానివాళ్ళ మీద నాకెప్పుడూ కోపం లేదు. వచ్చి కూడా అశ్రద్ధగా చేసేవాళ్ళను చూస్తేనే ఒళ్ళు మండుతుంది. నూట ఎనభై ఆరు రావలసిన చోట "సుమారు రెండొందలు టీచర్" అన్నవాణ్ణి నిలబెట్టి, "సుమారు అనేది కూరలో ఉప్పుకి పనికొస్తుంది, లెక్కల్లో కాదు" అనేదాన్ని. సాయంత్రం రైల్లో ధర్మవరం తిరిగొచ్చేటప్పుడు కూడా ఊరుకునేదాన్ని కాదు. పక్కసీటువాళ్ళు చెప్పుకునే కాకిలెక్కలు వింటూ మనసులోనే ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ కూర్చునేదాన్ని.

ధర్మవరంలో మాకు చీరల అంగడి ఉంది. మా ఆయన, మా మరిది కలిసి నడిపేవాళ్ళు. మరిది మగ్గాల దగ్గరికి తిరిగి సరుకు తెచ్చేవాడు, మా ఆయన గల్లాపెట్టె దగ్గర గద్దె మీద కూర్చునేవాడు. నోటిలెక్కలో మా ఇద్దరికీ ఎప్పుడూ పోటీయే. నేను మనసులో అంకెలు ఒకదాని కింద ఒకటి పేర్చుకునేలోపు ఆయన జవాబు చెప్పేసి, "నీది మెట్లెక్కి పోయే లెక్క టీచరమ్మా, నాది గోడ దూకే లెక్క" అని ఏడిపించేవాడు. నాకు ఉద్యోగం రాకముందు నుంచే ఆయన నన్ను టీచరమ్మా అని పిలిచేవాడు. డీఎస్సీకి చదువుతున్నప్పుడు ఆ పిలుపు వింటే సిగ్గేసేది.

మా అంగట్లో చీర కొనేవాళ్ళు చెప్పిన ధర చెప్పినట్టు ఎవరూ ఇవ్వరు. ఏడువేల నాలుగొందల ఎనభై అంటే, "ఆ చిల్లరంతా తీసెయ్యప్పా" అంటారు. ఆయన తీసేసినట్టే మాట్లాడి, మధ్యలో ఎక్కడో తనకు గిట్టుబాటయ్యే చోట ఆగేవాడు. కొన్నవాళ్ళూ సంతోషంగా పోయేవాళ్ళు. దగ్గరి పదికి, దగ్గరి వందకు సవరించడం అని నేను ఆరో తరగతి పిల్లలకు వారం రోజులు చెప్పే పాఠం అంగట్లో ఒక్క బేరంలో అయిపోయేది.

మొన్న మాఘంలో హిందూపురంలో మా పుట్టింటివాళ్ళ పెళ్ళికి పోయాం. భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ ఆయన అక్కడే కూలబడిపోయాడు. ఆ ఊరి ఆసుపత్రిలోనే చేర్చాం. మెదడుకు రక్తం అందలేదన్నారు. వంకరపోయిన మూతి, పట్టు తప్పిన కుడిచెయ్యి కొన్నాళ్ళకు దారికొచ్చాయి. మాట మునుపటిలాగే వచ్చేసింది. గండం గడిచిందని మా అమ్మ దేవుడికి కొబ్బరికాయ కూడా కొట్టింది.

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని ఆయన పేరు, ఊరి పేరు అడిగింది. అన్నీ చెప్పాడు. "వందలోంచి ఏడు తీసేస్తే ఎంతండీ?" అని అడిగింది. ఆయన నవ్వాడు. ఇంత చిన్న లెక్కా అని నవ్వుతున్నాడనుకున్నాను. ఆ నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది కానీ జవాబు రాలేదు. కాసేపటికి మెల్లగా నా వైపు తిరిగి చూశాడు. పరీక్షలో పక్కవాడి పేపర్ వైపు చూసే పిల్లల చూపు నాకు బాగా తెలుసు. మా ఆయన కళ్ళలో ఆ చూపు చూడాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. తొంభై మూడు అనే మాట నా గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

మెదడులో లెక్కలు చేసే చోటు దెబ్బతిన్నదని, కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. రోజూ చిన్న చిన్న డబ్బు లెక్కలు చేయించమంది. "మీరు లెక్కల టీచరే కదమ్మా, ఇంక ఆయనకేం భయం" అని నా భుజం తట్టింది. మంచికే అన్నా, ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఇంటికి వస్తూ దారిలో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎవురికీ చెప్పొద్దు టీచరమ్మా. చెయ్యి నొప్పి అని చెప్పు. లెక్క మరిసిపోయినాడని తెలిస్తే మన అంగడికి ఎవురొస్తారు?" అన్నాడు. సరేనన్నాను. మా మరిదికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మరిది కొన్నాళ్ళు ఓపిక పట్టాడు. ఒకరోజు ఇంటికి వచ్చి, అన్న ముఖం చూడలేక నేల చూస్తూ చెప్పాడు. "అన్నా, శ్రావణం వస్తే పెండ్లిండ్ల గిరాకీ. అంతలోపల నువ్వొస్తే సరే. లేకుంటే నేను గల్లాపెట్టె కాడ కూర్చొని, సరుకుకి వేరే మనిషిని పెట్టుకోవల్ల. రెండు పనులూ నేనొగన్నే చేయలేకుండా ఉండా." అతని తప్పేమీ లేదు. కొన్నాళ్ళుగా తిండి కూడా సరిగా తినకుండా తిరుగుతున్నాడు. "శ్రావణానికి వచ్చేస్తాలేరా" అన్నాడు మా ఆయన, ఏదో పక్కూరికి పోయి వస్తానన్నంత తేలిగ్గా.

మరుసటి రోజే నేను స్కూలు నుంచి ఆరో తరగతి లెక్కల పుస్తకం తెచ్చాను. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఆయన ఇంగ్లీషు పేజీ మీద అరచెయ్యి పెట్టి మూసి, "ఒగటే మోయలేకుండా ఉంటే ఇంగా రెండోదా?" అన్నాడు. నవ్వాను. ఆ సాయంత్రం అదొక్కటే నవ్వొచ్చిన మాట. మంచం మీద నోట్లు, చిల్లర పరిచి, నేను కొనేదాన్నిగా, ఆయన అమ్మేవాడుగా కూర్చున్నాం. నూట అరవైకి సరుకు తీసుకుని రెండొందలిచ్చాను. ఆయన నోట్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎంత సేపైనా చెయ్యి కదలలేదు.

కానీ కొన్ని రోజులకు ఒక వింత కనిపెట్టాను. "నూట తొంభై ఎనిమిదికి దగ్గరి వంద?" అంటే, "రెండొందలు" అని ఠక్కున చెప్పేవాడు. ఈ చీర ఎంత ఉంటుందంటే సరిగ్గా చెప్పేవాడు. ఏది ఎక్కువో, ఏది తక్కువో, ఏది దేనికి దగ్గరో అన్నీ తెలుసు. కూడి, తీసేసి కచ్చితంగా ఎంత అంటే మాత్రం లోపల తలుపు మూసుకుపోయేది. ఇన్నేళ్ళూ నేను పిల్లలను తిట్టిన ఆ సుమారు ఒక్కటే ఆయనకు మిగిలింది.

ఆ రోజుల్లోనే ఎనిమిదో తరగతిలో తగ్గింపు ధరల లెక్కలు చేయిస్తున్నాను. ఒక పిల్ల లేచి, "సుమారు నాలుగొందలు వస్తుంది టీచర్" అంది. క్లాసంతా నా ఉప్పు మాట కోసం ఎదురుచూస్తోంది. "సరే, కూర్చోమ్మా" అని బోర్డు వైపు తిరిగి, కళ్ళు తుడుచుకుని, మిగతా లెక్క నేనే చేశాను.

కాలిక్యులేటర్ పెట్టుకోమన్నాను. ఏడువేల మూడొందల యాభైని ఆయన ఏడు, సున్నా, ఐదు, మూడు అని నొక్కి, తప్పని కూడా తెలియక నాకు చూపించాడు. అందరూ ఫోన్లోనే కడతారు కదా అన్నాడు మరిది. టౌన్‌వాళ్ళు కడతారు. పెళ్ళి చీరకి పల్లె నుంచి వచ్చేవాళ్ళు ఇప్పటికీ డబ్బు కొంగున కట్టుకునే తెస్తారు. శ్రావణంలో వచ్చే గిరాకీ అంతా వాళ్ళదే.

చివరికి తీసివేత మానేసి, ధర దగ్గర మొదలుపెట్టి ఇచ్చిన డబ్బు దాకా ఎక్కుతూ పోయే పద్ధతి పట్టుకున్నాం. మూడొందల యాభై నుంచి ఒక యాభై వేస్తే నాలుగొందలు, ఇంకో వంద వేస్తే ఐదొందలు. వేసినవన్నీ కలిపి చేతిలో పెట్టడమే. రోజూ అదే. వేసవి సెలవులంతా అదే. విసుక్కున్నాను, ఒకసారి పుస్తకం విసిరికొట్టాను కూడా. ఆయన వంగి తీసి, పేజీ సరిచేసి, "కొట్టు టీచరమ్మా, కానీ నేర్పించు" అన్నాడు.

ఆషాఢం వచ్చేసరికి ఇంట్లో లెక్కలన్నీ సరిగ్గా చెప్పసాగాడు. గైడు బట్టీపట్టిన పిల్లవాణ్ణి నేను రెండు ప్రశ్నలతో పట్టేయగలను. మా ఆయన్ను మాత్రం ఆ రెండో ప్రశ్న అడగలేదు. నాకు భయం. "ఇంట గెలిచినా కదా, ఇంగ రచ్చే" అని ఆయన ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాడు. ఆషాఢంలో గిరాకీ పెద్దగా ఉండదు, పరీక్షకు అదే మంచిదనుకున్నాం. నేనూ వెంట పోయి, చీరలు చూసేదానిలాగా ఒక మూల కూర్చున్నాను. మరిది వెనక బీరువాల దగ్గరే ఉన్నాడు.

పదకొండు గంటలప్పుడు తాడిమర్రి వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. మనవరాలి పెళ్ళికి ఎర్రంచు చీర కావాలంది. మా ఆయన చీర విప్పి పరిచేసరికి నాకు పాత రోజులు కళ్ళ ముందుకు వచ్చాయి. అదే మాట, అదే చెయ్యి. "ఏడువేల నాలుగొందల ఎనభై అవ్వా" అన్నాడు.

"ఏడువేలకి ఇయ్యప్పా."

"ఏడువేలకి ఇస్తే నేనూ నీ వెంటే తాడిమర్రికి వచ్చేయల్ల, కూడు పెడతావా? నీకని ఏడువేల మూడొందల యాభై."

అవ్వ బోసినోటితో నవ్వింది. బేరం కుదిరింది. నాకు గుండె నిండిపోయింది. నూటికి నూరు వేసేయాలనిపించింది. మరిది కూడా వెనక నుంచి తొంగి చూసి నవ్వాడు.

అవ్వ కొంగుముడి విప్పి ఐదొందల నోట్లు పదిహేను ఇచ్చింది. ఆయన బొటనవేలితో వాటిని ఎంచి పెట్టెలో వేశాడు. నూటయాభై తిరిగివ్వాలి. యాభై నోటు తీశాడు. మొదటి మెట్టు సరిగ్గానే ఎక్కాడు. అవ్వ చేతిలో పెట్టాడు. తర్వాత చెయ్యి పెట్టెలో వెతుకుతూ తిరిగి, ఒక పది నోటు పట్టుకుని పైకి వచ్చింది. అదీ ఇచ్చాడు. పెట్టె మూశాడు.

అవ్వ చెయ్యి అట్లాగే చాపి ఉంది. "అంతేనా?" అంది.

"అంతేనవ్వా."

"ఏందప్పా, నాకింకా రావల్ల గదా."

ఆయన పెట్టె వైపు చూశాడు, చూస్తూనే ఉన్నాడు. పక్కన చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ఇటు తిరిగారు. అవ్వకు అనుమానం వచ్చింది, గొంతు పెరిగింది. "ముసిల్దాన్ని, ఏమీ తెల్దనుకుంటివా? పెండ్లికని పైసా పైసా కూడబెట్టిన దుడ్లప్పా ఇవి. మోసం చేస్తాండావా?"

గుమ్మం దాటిపోయిన గిరాకీని కూడా వెనక్కి పిలిచి, ఎక్కువ తీసుకున్న ఐదు రూపాయలు ఇచ్చిన మనిషి ఆయన. నేను లేచి నిలబడ్డాను. ఆయనకు బాగాలేదని చెప్పేయాలి, కానీ ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. చెప్పకపోతే మోసగాడవుతాడు. చెబితే ఈ గద్దె మీద ఇంకెప్పుడూ కూర్చోలేడు. నా నోరు తెరుచుకోకముందే ఆయనే మాట్లాడాడు.

"మోసం కాదవ్వా. నాకు కూడికలూ తీసివేతలూ రావు."

అవ్వ కోపం ఎక్కడికి పోయిందో పోయింది. ఆయన తెల్లచొక్కానూ, ముందున్న గల్లాపెట్టెనూ మార్చి మార్చి చూసింది. దెప్పడానికి కాదు, నిజంగా అర్థం కాక అడిగింది.

"మరి ఈడెందుకు కూర్చున్నావప్పా?"

"ఇది నా అంగడవ్వా" అన్నాడు ఆయన.

మరిది గబగబా వచ్చి మిగతా తొంభై లెక్కపెట్టి అవ్వ చేతిలో పెట్టి, చీర కవర్లో వేశాడు. అవ్వ డబ్బులు చూసుకోలేదు. "నాకు తెలీలేదు నాయినా, నోరు జారితి" అని మా ఆయన మోకాలు తాకి వెళ్ళింది. ఎంతో ప్రేమగా అన్న ఆ మాటే ఆయనకు ఎక్కువ తగిలిందని ముఖం చూస్తే తెలిసింది.

ఆయన పెట్టె మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచాడు. గద్దె దిగి, కొనేవాళ్ళకు వేసిన చాప మీదికి వచ్చి నిలబడ్డాడు. మరిది ఖాళీ గద్దె వైపు చూస్తున్నాడే కానీ కూర్చోవడం లేదు. కళ్ళనిండా నీళ్ళు. ఆ ఇద్దరు ఆడవాళ్ళు ఒక చీర పట్టుకుని ధర అడగాలా వద్దా అని చూస్తున్నారు.

"కూర్చోరా" అన్నాడు మా ఆయన తమ్ముడితో. "గిరాకీ ఉండాది."