మత్స్యగెడ్డలో ఆగిపోయిన సర్కారు లాంచీ

మత్స్యగెడ్డ జలాశయం ఒడ్డున పడి ఉన్న సర్కారు లాంచీని ఈ నెలాఖరులో ఇనుము కింద కోసేస్తారని తెలిసినప్పటి నుంచి నాన్నకు అన్నం సహించడం లేదు. ఆరేళ్లపాటు ఆ లాంచీకి ఆయనే సరంగు. లోపల చుక్కాని పట్టుకున్నదీ, ఇంజను చూసుకున్నదీ ఆయనే. ఇప్పుడు చూపు దాదాపు పోయి, పార్వతీపురంలో నా దగ్గర ఉంటున్నారు. "నేను వెళ్లలేనమ్మా. నువ్వెళ్లి సోమ్రాని ఒక్క మాట అడిగిరా. నా మీద కోపం ఉందా అని," అన్నారు. ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో ఎవరూ పలకని పేరది. బడికి మూడు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

పొద్దున్న ఐదింటికి బస్సెక్కితే ఎనిమిదిన్నరకు విజయనగరం, అక్కడి నుంచి ఎస్.కోట మీదుగా అరకు బస్సు. టికెట్టు తొమ్మిది రూపాయలు. ఘాట్ ఎక్కుతున్నంతసేపూ ముసురే. అరకు అందాలంటూ అందరూ చెప్పుకొనేవేవీ నాకు కనబడలేదు, కిటికీ బయట తెల్లటి మంచు, లోపల తడిసిన గొంగళ్ల వాసన. అరవై తొమ్మిదిలో ఆ లాంచీని గోదావరి నుంచి రెండు ముక్కలుగా విప్పి, రెండు లారీల మీద ఈ మలుపుల్లోంచే ఎక్కించారు. నాలుగు రోజులు పట్టిందట. ముక్కలతోపాటు నాన్న కూడా లారీ వెనక కూర్చుని వచ్చారు, గోదావరి తప్ప మరో నీరు ఎరగని మనిషి.

మధ్యాహ్నం అరకులో ఆరిపోయిన ఇడ్లీ తిని, డుంబ్రిగుడ మీదుగా ముంచంగిపుట్టు వెళ్లే జీపెక్కాను. పద్దెనిమిది మంది ఎక్కేదాకా అది కదల్లేదు. లాంచీ చూడ్డానికి వెళ్తున్నానంటే డ్రైవరు పగలబడి నవ్వాడు. "అది సచ్చి శానా ఏళ్లయిందమ్మా. ఇప్పుడందులో మేకలు తొంగుంతన్నాయి. దాన్ని సూడ్డానికి ఇంత దూరమేటి?" ఆ రాత్రి ముంచంగిపుట్టులో తెలిసిన టీచరు ఇంట్లో తలదాచుకున్నాను.

మర్నాడు ఏడింటికి నడక మొదలుపెడితే తొమ్మిదికి గెడ్డ ఒడ్డు చేరాను. లాంచీ అవతలి ఒడ్డున ఉంది. దాటించడానికి ఒకటే నాటుపడవ, దాన్ని తోసేది సోమ్రాయేనని ఒడ్డున అల్లం గంపలతో కూర్చున్న ఆడవాళ్లు చెప్పారు. నలభై దాటిన మనిషి, బక్కగా ఉన్నాడు. నేనెవరో అడగలేదు. "బేగి ఎల్లాలా అమ్మా?" అని మాత్రం అడిగాడు. తొందరేం లేదన్నాను. మాటవరసకు అడిగాడనుకున్నాను.

గెడ్డ మధ్యకు వచ్చాక తెడ్డు పైకెత్తి ఊరుకున్నాడు. పడవ తనంతట తాను తేలుతోంది. ఒక ముసలామె పిడికెడు బియ్యం నీళ్లలో వదిలింది. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఊరు సరిగ్గా అక్కడే, అడుగున ఉంది. ఆ ఊరి దేవత రాయీ అక్కడే ఉంది. ఆవిడ నెత్తిమీద చప్పుడు చేయకూడదని లాంచీ తొలిసారి నడిచిన రోజే పెద్దలు నాన్నను అడిగారట. ఆ రోజు నుంచి, లాంచీ తిరిగే ప్రతి సంత రోజూ నాన్న అక్కడ ఇంజను ఆపేవారు. బియ్యం వదిలాక మళ్లీ స్టార్టు చేసేవారు. తమ దేవతను గౌరవించిన సర్కారు మనిషి అని కొండల్లో ఆయనకు ఎంతో పేరు.

డెబ్భై అయిదులో, వానల్లో, నొప్పులు పడుతున్న భార్యను డోలీలో మోసుకొచ్చి సోమ్రా లాంచీ ఎక్కించాడు. ఆసుపత్రి ఇవతలి ఒడ్డున. నాన్న యథాప్రకారం మధ్యలో ఇంజను ఆపారు. డీజిల్లోకి నీళ్లు చేరాయేమో, అది మళ్లీ అంటుకోలేదు. గాలికి లాంచీ రెండు గంటలు కొట్టుకుపోయింది. ఒడ్డు చేరేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. "ఆ రోజు ఆపకూడదనే అనుకున్నానమ్మా," అని నేను బయల్దేరే ముందు నాన్న నాతో అన్నారు. "వాళ్ల దేవత మీదుగా చప్పుడు చేసుకుంటూ పోతే అతను ఏమనుకుంటాడోనని ఆపాను." ఆ నెలలోనే ఉద్యోగం వదిలేశారు. మరో సరంగు రెండేళ్లు నడిపాక లాంచీని ఒడ్డుకు లాగేశారు.

అవతల దిగాక లాంచీ దగ్గర నిలబడ్డాను. తెల్ల రంగంతా పెచ్చులూడింది, చుక్కాని చక్రం కూడా ఎవరో పట్టుకుపోయారు. డ్రైవరు చెప్పినట్టే లోపల మేకలు. అప్పుడు సోమ్రాకి నేనెవరో చెప్పి, నాన్న అడగమన్నది అడిగాను.

"కోపమేటమ్మా ఆ బాబు మీద? తప్పు నాది. ఆపకు బాబూ, బేగి పోనీ అని నోటిదాకా వచ్చింది. సర్కారు మనిషి మా తల్లికి దండమెడతంటే నేనెలాగ వొద్దంతాను? ఊరోళ్లంతా సూస్తన్నారు. నోరు మూసుకున్నాను." ఒడ్డున ఉన్న తన పడవ వైపు చెయ్యి చూపించాడు. "అందుకే ఇప్పుడు పడవెక్కిన పెతి మనిషినీ ముందే అడుగుతాను, బేగి ఎల్లాలా అని. ఎల్లాలంటే ఆపను. తల్లికి నేను సెప్పుకుంతాను."

అక్కడే మేకల మధ్య కూలబడి ఏడ్చాను. ఇద్దరికీ ఆపడం ఇష్టం లేదు. ఒకరి మీద ఒకరికున్న మర్యాదే ఆమెను చంపేసింది. తిరుగు ప్రయాణమంతా ఇది నాన్నకు ఎలా చెప్పాలన్నదే ఆలోచన. ఇల్లు చేరగానే ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఏమన్నాడు?" అని అడిగారు. "కోపం లేదన్నాడు నాన్నా," అన్నాను. ఆ పూట చాలా రోజులకు కడుపునిండా తిన్నారు. రెండో మాట చెప్పలేదు. అది ఇక్కడ రాశాను, ఆయన చదవలేరు గనక.

మీరు వెళ్లదలిస్తే వానలు తగ్గాక, నెలాఖరు లోపే వెళ్లండి, తర్వాత లాంచీ ఉండదు. పడవ ఎక్కేటప్పుడు సోమ్రా ఒక ప్రశ్న అడుగుతాడు. మొహమాటపడకుండా ఉన్నదున్నట్టు చెప్పండి.