కాలికి అందని బండి

నా ఎడమకాలి బొటనవేలు నేల కోసం వెతికి వెతికి, దొరకక గాలిలోనే ఆగిపోయింది. ఘోరం జరగబోతోందని నాకు తెలిసింది ఆ క్షణంలోనే.

అప్పుడు నేను గుడి ముందు, కొత్త మోటారుసైకిలు మీద ఉన్నాను. హ్యాండిల్‌కు చామంతి దండ, రెండు చక్రాల కింద రెండు నిమ్మకాయలు. నా ముందు, ట్యాంకు మీద, నాలుగేళ్ల కొడుకు. వెనక తమ బళ్లకు పూజ చేయించుకోవడానికి వరుసలో నిలబడ్డ జనం. ఏం జరిగిందో మొత్తం చెబుతాను. పిల్లలు నిద్రపోయారు కాబట్టి ఇక్కడ నా పరువు తీయడానికి నేనొక్కదాన్నే ఉన్నాను.

గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషిని నేను. పిల్లలు ఇడ్లీ తింటుంటే గొంతుకు అడ్డం పడుతుందేమోనని పక్కనే కాపలా కాస్తాను. బండి నేర్చుకున్నది కూడా భయంతోనే. బడి ఆటోలో పిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునేవారు. మా వాడి కాలు ఎప్పుడూ బయటికే వేలాడేది. మా ఆయనేమో పొద్దున్నే డ్యూటీకని స్టేషన్‌కు పోయి డోన్ రైలు ఎక్కేస్తారు. ఇక పిల్లల్ని నేనే దింపాలని ఆయన పాత చిన్న బండి మీద నేర్చుకున్నాను. టెస్టులో కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె గీతల మీద బండి తిప్పి లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ కార్డు చేతికొచ్చాక కర్నూలు రోడ్లన్నీ నా పేరు మీద రాసిచ్చినట్టే నడిచాను.

“స్కూటర్ తీసుకుందాంలే” అన్నారు మా ఆయన. ఎనిమిది తిరిగిన మనిషికి స్కూటరా! పెళ్లికి పిలిచి ఉప్మా పెట్టినట్టు అనిపించింది.

పెళ్లంటే గుర్తొచ్చింది. షోరూముకు మేము ఒక బంధువుల పెళ్లి నుంచి నేరుగా పోయాం. పాదాలు కప్పేసే పొడుగాటి డ్రెస్సు వేసుకున్నాను. ఈ వివరం మనసులో ఉంచుకోండి. నేనైతే ఉంచుకోలేదు.

“మేడమ్, ఈ మోడల్ ఎత్తెక్కువ” అన్నాడు సేల్స్‌మన్.

ఎక్కి కూర్చుని రెండు కాళ్లూ నేలకు ఆనించి చూపించాను. మా ఆయన నోరు తెరిచారు.

“ఏందబ్బా, నువ్వు ఇంత ఎత్తు ఎప్పుడైనావు?”

“మీరు నన్ను సరిగ్గా చూసిందెప్పుడు?”

“సరేలే. బరువు కూడా శానా ఉండాది. కాలు జారిందంటే?”

“టెస్టులో కాలు కింద పెడితేనే తప్పు. బండి తోలేదానికి నేలతో ఏం పని?”

సేల్స్‌మన్ తల వంచుకుని బిల్లు పుస్తకం తీశాడు. అది గౌరవం అనుకున్నాను.

ఇక పూజ రోజు. గుడి దాకా బండిని మా ఆయనే తోలుకొచ్చారు. బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాక పూజారి, “చెప్పులు విప్పి కూర్చో తల్లీ” అన్నారు. విప్పి పక్కన పెట్టాను. బండి స్టాండు మీద ఎడమవైపుకు ఒరిగి ఉంది కాబట్టి ఎడమకాలు హాయిగా ఆనింది.

“చిన్నోడిని ముందర కూర్చోబెట్టుకోమ్మే, మొదటిసారి పిల్లోడుంటే మంచిది” అంది మా అత్త. ఇడ్లీకి కాపలా కాసే నేను, కిక్కురుమనకుండా కూర్చోబెట్టుకున్నాను.

“స్టాండు తియ్యి” అన్నారు మా ఆయన. తీశాను. బండి నిటారుగా లేచి నా కుడికాలి మునివేళ్ల మీద ఆగింది. ఎడమవైపు నేల కిందికి పోయింది.

“ఏమండీ, కాలు అందడంలేదు.”

“అందకపోవడమేంది? ఆపొద్దు షోరూములో అందె గదా!”

“ఆపొద్దు అందింది.”

“మంచి గడియ పోతాంది తల్లీ, నిమ్మకాయలు తొక్కించు” అన్నారు పూజారి. వెనక ఎవరో హారన్ కొట్టారు. దిగుతానని ఒక్క మాటంటే సరిపోయేది. ఇంతమంది ముందు దిగడమా అనిపించి, స్టార్టు చేసి, గేరు వేసి క్లచ్ వదిలాను.

బండి ఒక నిమ్మకాయను చంపి, కప్పలా ఎగిరి, ఆగిపోయి, ఎడమవైపుకు ఒరిగింది. మా ఆయన ఒక్క అంగలో వచ్చి పిల్లవాణ్ణి చంకల కింద పట్టి లాగేశారు. ఆయన చెయ్యి కాస్త ఆలస్యమై ఉంటే? ఈ ఒక్క చోట నవ్వుతూ చెప్పడం నాకు చేతకాదు.

నేను మాత్రం నేరుగా పూజ పళ్లెంలో కూలబడ్డాను.

“నిమ్మకాయ తొక్కమంటే కుంకుమలో కూర్చుంటివి గదమ్మే!” అంది అత్త.

“దిష్టంతా పోయిందిలే తల్లీ. వెనక బండి రానీయండి” అన్నారు పూజారి.

ఇంతలో వాడి అక్క, మా పాప, నా చెప్పులు పట్టుకొచ్చింది. “అమ్మా, ఇవి లేకపోతే నువ్వు అవ్వంత ఎత్తే ఉండావు!”

మా ఆయన ఒక చెప్పు తీసుకుని మడమ కింద వేళ్లు పెట్టి కొలిచారు. నాలుగు వేళ్లు పట్టాయి.

“షోరూముకు పోయినపొద్దు ఇవేనా?”

నేను గోపురం వైపు చూశాను.

“గోపురం యాడికీ పోదులే. చెప్పు.”

“పెళ్లి నుంచి పోయినాం గదా...”

ఇంటికొచ్చాక మహా త్యాగం చేస్తున్న ముఖం పెట్టి, “స్టేషన్‌కు దీన్ని నేను తీసుకపోతా. పాతది నువ్వు పెట్టుకో” అన్నారు. మరునాడు పొద్దున ఆయన ఈల వేసుకుంటూ పోవడం వీధంతా విన్నది.

పిల్లలు బడి సంచులతో గడపలో నిలబడ్డారు. “పెద్దబండి మీద వస్తానని క్లాసులో చెప్పేసినా” అని పాప ముఖం ముడుచుకుంది. చిన్నవాడు పాత బండిని చూడగానే అక్క వెనక దాక్కుని, “నేను ముందర కూర్చోను” అన్నాడు.

వాడి ముందు కింద కూర్చున్నాను. “వద్దులే నాయనా, ఇంకెప్పుడూ ముందర కూర్చోబెట్టను. నిన్న భయమైనప్పుడే నేను దిగాల్సింది. అందరూ నవ్వుతారని దిగలేదు. తప్పు నాదే.”

“ఒట్టు పెట్టు” అంది పాప.

చెప్పులు విప్పి, పాత బండి ట్యాంకు మీద చెయ్యి పెట్టాను. “ఒట్టు. ఈ జన్మలో మళ్లీ బండి కొనేదానికి పోతే గుడికి పోయినట్టే పోతా. చెప్పులు బయటే విడుస్తా.”